కాలయంత్రమును, కర్నూలు వజ్రమును
('ఆదిత్య 369' చిత్ర కథనముపై విమర్శ)

తొలకరి వాన పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి మండలములోని జొన్నగిరి చేలలో జనులు వంగి నేల వెదకుచుందురు. వాన కడిగిన మట్టిలో వజ్రము దొరకునేమోయని వారి ఆశ. దొరికినవానికి మొదట తోచునది దాని వెల. విజ్ఞానశాస్త్రము చదువు విద్యార్థికి మొదట తోచవలసినది దాని పూర్వకథ. ఇట్టి వజ్రమొకదానిని ఆధారము చేసికొని సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వమున 1991లో వెలువడిన చలనచిత్రము 'ఆదిత్య 369'. తెలుగులో విజ్ఞాన కల్పనా చిత్రములు మిక్కిలి తక్కువ. కావున దాని కథనమును గూర్చి నిదానముగా ఆలోచించుట అవసరము.

శ్రీకృష్ణదేవరాయల కాలపు వజ్రము వస్తుప్రదర్శనశాలలో నుండును. దానిపై ఒక దుండగుని కన్ను పడును. ఇంతలో ఒక ఆచార్యుడు నిర్మించిన కాలయంత్రములో చిక్కి కథానాయకుడు కృష్ణకుమారుడు, నాయిక హేమ 1526వ సంవత్సరపు విజయనగరమునకు పోవుదురు. అచ్చటినుండి 2504వ సంవత్సరమునకు కొట్టుకొనిపోవుదురు. కృష్ణకుమారుని, రాయలవారిని నందమూరి బాలకృష్ణయే అభినయించెను.

శాస్త్రము చదివిన ప్రేక్షకునకు ఇందు మూడు ఆక్షేపణలు తోచును. యంత్రము పనిచేయు విధము చెప్పలేదు. రాయల కాలము అందరకు తెలిసిన చరిత్ర గనుక అందులో ఉత్కంఠ లేదు. భవిష్యద్భాగము త్వరత్వరగా ముగిసినది, పైగా అందలి శాస్త్రము సందేహాస్పదము.

మొదటి ఆక్షేపణ సులభముగా తీరును. ఈ చిత్రమునకు ప్రేరణమైన హెచ్. జి. వెల్స్ 1895 నాటి నవలలో కూడ యంత్రము పనిచేయు విధము స్పష్టముగా లేదు. కాలగమనము వేగమునుబట్టి మారునని ఐన్‌స్టీన్ 1905లో చూపెను. 1971లో పరమాణు గడియారములను విమానములలో భూమి చుట్టును త్రిప్పి చూడగా, సెకనులో నూరు కోట్లవ వంతుల లెక్కన తేడా నిజముగనే కనబడెను. అనగా భవిష్యత్తులోనికి కొంచెము ముందుగా పోవుట ప్రకృతికి విరుద్ధము కాదు. గతమునకు మరలుట వేరు. 1949లో కుర్ట్ గోడెల్ సాపేక్షతా సమీకరణములకు కనుగొన్న ఒక సాధనలో అట్టి మార్గములు గణితరీత్యా కలవు. కాని ఆయన ఊహించిన విశ్వము తన చుట్టు తాను తిరుగునది, మన విశ్వము అట్టిదను నిదర్శనము లేదు. కావున యంత్రమును వివరింప బూనినచో కథకుడు తప్పక అసత్యమే చెప్పవలసివచ్చును. ఇచట మౌనమే నిజాయితీ.

రెండవ ఆక్షేపణ ముఖ్యమైనది. ముగింపు తెలిసిన కథ చెప్పనేలయను ఈ ప్రశ్న అమెరికాలో జార్జి లూకస్‌ను కూడ వెంటాడెను. ఆయన 1977లో ఆరంభించిన 'స్టార్ వార్స్' కథకు పూర్వకథగా 1999, 2002, 2005 సంవత్సరములలో మూడు చిత్రములు తీయగా, మంచివాడైన అనాకిన్ దుష్టుడగునని ముందే తెలిసినదే కదాయని, శాసనసభా చర్చలు విసుగు పుట్టించుచున్నవని పలువురు నిందించిరి. ఆ సభయే తన అధికారమును చేజేతుల ఒక్కనికి అప్పగించిన తీరు ఆ మూడు చిత్రముల సారమని వారు గమనింపలేదు. ఏమి జరుగునను ప్రశ్న తీరినచోటనే ఎట్లు జరిగినదను ప్రశ్న మొదలగును. రామాయణమంతయు తెలిసినవారే హరికథకు తెల్లవారువరకు కూర్చుందురు. భూవిజ్ఞాని చేయుపనియు ఇదియే. బనగానపల్లె గుండ్రాళ్ల పొరలో వజ్రము కలదని ఆతనికి తెలియును. భూమి లోతులలో పుట్టి, అగ్నిశిలలతో పైకి వచ్చి, ఆ శిలలు శిథిలము కాగా నీటి వెంట కొట్టుకొనివచ్చి ఆ పొరలో అది ఎట్లు చేరినదను పూర్వకథయే ఆతని పరిశోధన.

ఈ చిత్రకథనములోని అసలు నేర్పు కూడ ఇచటనే యున్నది. 1526లో కృష్ణకుమారుడు సర్వజ్ఞునివంటివాడు. 1565లో రక్కసి తంగడి యుద్ధముతో ఆ వైభవము కూలునని చరిత్ర చదివినవానికి తెలియును; కొలువు తీరిన రాయలకు తెలియదు. 2504లో ఆ స్థితి తలక్రిందులగును. అచటివారికి ఆతని కాలమంతయు గడచిన చరిత్ర. ఇప్పుడు తెలియనివాడు కృష్ణకుమారుడే. ముందు గతమును, పిమ్మట భవిష్యత్తును చూపిన వరుస యాదృచ్ఛికము కాదు. రాజును చూచి జాలిపడిన ప్రేక్షకుడు తానును అట్టివాడేయని గ్రహించుటకే ఆ వరుస. వెల్స్ నవలలోని యాత్రికుడు భవిష్యత్తును మాత్రమే వర్ణించును. గతమును జతపరచుటచే తెలుగు చిత్రమునకు ఈ బలము చేకూరినది.

మూడవ ఆక్షేపణను కొంతవరకు అంగీకరింపవలెను. అణుయుద్ధానంతర వికిరణమునకు వెరచి జనులు భూగర్భమున నివసించుట ఆ భాగమునకు మూలము. యుద్ధధూళిలోని సీసియం-137 అర్ధాయుష్షు సుమారు 30 ఏండ్లు. 300 ఏండ్లలో అది వెయ్యవ వంతునకు తగ్గును. ప్లుటోనియం-239 అర్ధాయుష్షు సుమారు 24,000 ఏండ్లే యైనను, నేలపై నివాసమును ఐదు శతాబ్దములు అసాధ్యము చేయుటకు అంతకంటె బలమైన కారణము కావలెను. యుద్ధమెప్పుడు జరిగినదో స్పష్టపరచి, ఆ జనుల నిత్యజీవనమును మరి కొంచెము చూపియున్నచో చిత్రము గట్టిపడియుండెడిది. అయినను ఆ భాగము ఒక పని చేయుచున్నది. రాయల కాలమున రాజ్యవైభవమై, వర్తమానమున దొంగకు ఆశయైన వజ్రము, పీల్చు గాలికే కరవైనచోట వట్టి రాయి. ఒకే కర్బనపు తునక వెల మూడు కాలములలో మూడు విధములైనది.

కర్నూలు, కడప జిల్లాల ఉపాధ్యాయులు ఈ చిత్రమును తరగతిలో వాడుకొనవచ్చును. 30 ఏండ్ల అర్ధాయుష్షు గల పదార్థము 513 ఏండ్లకు ఎంత మిగులునో విద్యార్థులచే లెక్క కట్టించవలెను. ఊరి బయట వాగులో దొరకిన గులకరాయి ఎచటనుండి వచ్చియుండునో వెనుకకు నడచుచు చెప్పించవలెను. కథలోని తప్పును పట్టగల విద్యార్థి ఆ కథను మరింత శ్రద్ధగా చూచును. తప్పు పట్టుటతోనే తన పని తీరినదని తలచువానికి మాత్రము కథయు దక్కదు, శాస్త్రమును దక్కదు.