చెరువుగట్టు కావలి

భీమవరము, ఆకివీడు ప్రాంతముల రొయ్యలచెరువుల గట్లపై, ఏరేటర్ల కొఱకు కరెంటు వచ్చినను ఇంటర్నెట్టు తీగ చేరని చోట్ల, ఒక పాత ఫోనులోని హాట్‌స్పాట్‌నే ఆధారముగా గొని కావలి కెమెరాలను నడిపించు మెకానిక్కు పనితనము, చూచువారికి అల్పముగా దోచినను, లెక్కయు నేర్పును గలసిన విద్య. సెకనుకు ఒక మెగాబిట్టు చొప్పున అహోరాత్రము దృశ్యమును పంపినచో దినమునకు దాదాపు 11 గిగాబైట్లు వ్యయమగును. అర్ధరాత్రి మొదలైన 2 గిగాబైట్ల ప్యాకు తొలికోడి కూయు వేళకే హరించిపోవును. కావున నతడు సమస్తమును కెమెరాలోని మెమరీకార్డునందే నిలిపి, కదలిక కలిగినపుడు మాత్రమే రైతు ఫోనునకు కబురు పోవునట్లును, ఆ రైతు చూడగోరినపుడు తక్కువ నాణ్యతగల దృశ్యమే వెళ్లునట్లును అమర్చును. మొబైలు నెట్‌వర్కులు తఱచుగా అనేకులకు ఒకే బహిరంగ ఐపీ చిరునామాను పంచియిచ్చును గనుక, వెలుపలినుండి నేరుగా కెమెరాను చేరుట పొసగదు. కెమెరాయే ముందుగా తన కంపెనీ సర్వరును పలుకరించి దారి తెఱచియుంచవలెను. ఇది యెఱుగక రౌటరు పోర్టులతో పెనుగులాడు వారిని చూచి యతడు నవ్వుకొనుట క్షమ్యమే.

ఎవ్వరును కలియకున్న కొంతసేపటికి తనంతట ఆఱిపోవు హాట్‌స్పాట్ గుణమును అణచుట, చవుక కెమెరాలు పలుమారు 2.4 గిగాహెర్ట్జ్ నే గ్రహించునని యెఱిగి ఆ బ్యాండునే యెన్నుట, సిగ్నలును అడ్డగించు ఇనుపపెట్టెలో గాక గాలియాడు నీడన ఫోనును నిలుపుట యను చిన్నపనులందే అతని ప్రజ్ఞ ఎక్కువగా వెల్లడియగును. ఎడతెగని ఛార్జింగు వేడికి బ్యాటరీ ఉబ్బవచ్చును గాన, కొన్నాళ్లకు సిమ్ రౌటరు కొనుటయే మేలని యతడే చెప్పును. అందు తన యమ్మకపు ఆశయు కొంత యుండవచ్చును గాని, మాట మాత్రము సత్యము.