గ్రే వీథి: ఒక రచన, పలువురు కర్తలు

ఇంగ్లండు ఉత్తరభాగాన టైన్ నది ఒడ్డున ఉన్న న్యూకాజిల్ నగరంలో గ్రే స్ట్రీట్ అనే అంగళ్ల వీథి ఒకటి కలదు. 1837లో విక్టోరియా రాణి సింహాసన మెక్కిన నాటికి దాని నిర్మాణం ముమ్మరంగా సాగుతున్నది. దానిని మెచ్చుకొనువారి నోట మొదట వినవచ్చే పేరు జాన్ డాబ్సన్ అనే వాస్తుశిల్పిది. ఆ కీర్తి ఆయన ఒక్కనికే చెందదగినదా అన్నదే ఇక్కడి ప్రశ్న.

పూనుకొని కట్టించినవాడు రిచర్డ్ గ్రెయింజర్ (1797–1861). రేవులో మూటలు మోసిన కూలివాని కుమారుడు. 1834లో నగరం నడిబొడ్డున ఆండర్సన్ ప్లేస్ అనే ఎస్టేటును కొన్నాడు. నగరసభ కార్యదర్శి జాన్ క్లేటన్ అండ లేనిదే ఆ సాహసం సాగేది కాదు. అక్కడ పారే లార్ట్ బర్న్ అనే వాగును కప్పివేసి, దానిమీదుగా వీథి వేసినారు. వీథికి అంత అందమిచ్చిన వంపు ఏ శిల్పి ఊహా కాదు, ఆ వాగు నడకే. కర్తల జాబితాలో మొదటి పేరు వాగుదే కావలెనేమో!

దిగువనుండి ఎక్కి వస్తూ చూడవలెను. వంపు మూలాన వీథి అంతా ఒక్కసారిగా కంటబడదు. ఒక కట్టడం తప్పుకొన్నట్లై మరొకటి ముందుకు వస్తుంది. కింద అంగళ్లు, పైన రెండు మూడు అంతస్తులు, అంతటా ఒకే వన్నె ఇసుకరాయి. వరుసలన్నీ ఒక అచ్చున పోసినవి కావు. ఒకచోట స్తంభాలు బారులు తీరుతాయి; మరొకచోట గోడ నిరాడంబరంగా సాగి కంటికి విశ్రాంతి నిస్తుంది. నడుమ 1837లో తెరచిన థియేటర్ రాయల్ ముఖమంటపం వీథిలోకి చొచ్చుకొని వస్తుంది. ఎగువన 1838 నాటి గ్రే ప్రభువు స్మారకస్తంభం. ఈస్టిండియా కంపెనీ వర్తకానికి స్వస్తి చెప్పిన 1833 చార్టరు చట్టం ఆయన ప్రధానిగా ఉన్నప్పటిదే గనుక ఆ పేరు మనకు కొత్తది కాదు.

ఇందులో తూర్పున దిగువ భాగం డాబ్సన్‌ది. పడమటి వరుస గ్రెయింజర్ కార్యాలయంలోనే పనిచేసిన జాన్ వార్డిల్, జార్జి వాకర్‌ల రచన. నాటకశాల జాన్, బెంజమిన్ గ్రీన్‌లది. అట్టమీద ఒక పేరే వేసి తక్కినవారిని మరచే అలవాటు అనువాదకులకు బాగా పరిచితమే. కాని వార్డిల్, వాకర్‌ల విషయంలో నష్టం పేరుతో ఆగలేదు. డాబ్సన్ కానిది రెండవ తరగతి అని తలచేవాడు పడమటి వరుసను సరిగా చూడనే చూడడు. వీథి తూకం సగం ఆ వైపునే ఉన్నది.

1727లో వెలసిన జైపురంలో కూడ రాజవీథుల అంగళ్లు ఒకే తీరున ఉన్నవి. అక్కడ ఆ సమత రాజాజ్ఞవల్ల వచ్చినది. ఇక్కడ అప్పు తెచ్చి కట్టినవాని వ్యాపారబుద్ధివల్ల వచ్చినది. 1841లో గ్రెయింజర్ అప్పులలో మునిగినాడు. మరణించినప్పుడును ఋణశేషం మిగిలే ఉన్నది.

గొప్ప పేరు కట్టడాన్ని కాపాడుతుందనుటయు భ్రమయే. గ్రెయింజర్ కోసం డాబ్సన్ స్వయంగా గీసిన అంగళ్ల కట్టడం రాయల్ ఆర్కేడ్ 1832లో వెలసి, 1960లలో రోడ్ల విస్తరణకు బలియైనది. మరల కట్టుదమని రాళ్లకు అంకెలు వేసి దాచినారు. ఆ రాళ్లతో మరల కట్టలేదు. అదే చోట లేచిన కొత్త భవనం లోపల దానికొక నమూనా చేసి పెట్టినారు.