జావా భాషలో గేమ్ ఇంజనులు: ఒక తులనాత్మక పరిశీలన

కంప్యూటరు తెరపై ఒక బంతి నేలకు తగిలి పైకి లేచినట్లు కనిపించును. నిజమునకు అచట బంతియు లేదు, కదలికయు లేదు. సెకనుకు సుమారు 60 నిశ్చల చిత్రములు ఒకదాని వెంట నొకటి గీయబడుచుండగా, చూచువారి కన్ను వాటిని కలిపి కదలికగా గ్రహించుచున్నది. ఈ నిశ్చల చిత్రమునకే ఫ్రేము అని పేరు. ప్రతి ఫ్రేమునకు ముందు ప్రోగ్రాము కొన్ని పనులు చేయవలెను. ఆడువారు ఏ మీట నొక్కిరో తెలిసికొనవలెను. బంతి ఎచటికి చేరినదో లెక్కింపవలెను. పాత చిత్రమును చెరిపి క్రొత్తది గీయవలెను. ఈ చక్రమును తిప్పుచు, దానికి వలసిన చిత్రములు, శబ్దములు, లెక్కలు సమకూర్చి యుంచు సిద్ధసామగ్రిని గేమ్ ఇంజను అందురు.

1995లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ వెలువరించిన జావా భాషలో ఇట్టి ఇంజనులు పెక్కు కలవు. వాటిలో చెప్పుకొనదగినవన్నియు మూల కోడ్ తెరచి యుంచినవి. ఎవరైనను దానిని చదువవచ్చును, మార్చుకొనవచ్చును, ఇతరులకు పంచిపెట్టవచ్చును. పాఠశాలలో కంప్యూటరు సంఘము నడుపు ఉపాధ్యాయునకు ఇన్నింటిలో దేనిని ఎన్నుకొనవలెనను ప్రశ్న తప్పక ఎదురగును.

పోలిక వ్రాయువారు సాధారణముగా ఒక పట్టికతో పని ముగింతురు. ద్విపరిమాణ చిత్రములు కలవా, త్రిపరిమాణము కలదా, ఆండ్రాయిడ్ ఫోనులో నడచునా, ఐఫోనులో నడచునా అని గడులు గీసి, అవును, కాదు అని నింపుదురు. అవునులు ఎక్కువ వచ్చినది గెలుచును. ఆ గడులలో ఒక ప్రశ్నకు తావుండదు: ఈ ఇంజనుతో ఆరు నెలలు పనిచేసిన విద్యార్థికి యంత్రమును గురించియు, గణితమును గురించియు ఏమి తెలియును, ఏమి తెలియకుండ మరుగుపడును? పాఠశాల కొరకు చేయు ఎన్నికలో ముందు చూడవలసినది ఇదియే. ఈ దృష్టితో లిబ్‌జీడీఎక్స్, జేమంకీ, ఎఫ్‌ఎక్స్‌జీఎల్ అను మూడింటిని ప్రక్కప్రక్కన నిలిపినచో వాటి నైజములు వేరువేరుగా బయటపడును.

అంతకు ముందు ఒక అపోహను తొలగింపవలెను. మైన్‌క్రాఫ్ట్ ఆట జావాలో వ్రాయబడినదని విన్న విద్యార్థులు అది ఏ ఇంజనుతో తయారైనదని అడుగుదురు. అది ఏ సిద్ధ ఇంజనుతోను తయారు కాలేదు. ఎల్‌డబ్ల్యూజేజీఎల్ అను లైబ్రరీ ఆధారముగా దాని కర్తలు తమ ఇంజనును తామే కట్టుకొనిరి. ఈ లైబ్రరీ జావా ప్రోగ్రామునకును, కంప్యూటరులోని చిత్ర శబ్ద పరికరములకును నడుమ వంతెన వంటిది. డెస్క్‌టాప్ కంప్యూటరులపై లిబ్‌జీడీఎక్స్, జేమంకీ రెండును ఈ వంతెన మీదుగనే పోవుచున్నవి. కనుక దీనిని వాటికి పోటీగా నిలుపుట తగదు.

ఇక మూడు ఇంజనుల నైజమును చూపుటకు సదిశల సంకలనము కంటె మంచి ఉదాహరణము లేదు. బంతి స్థానము ఒక సదిశ, దాని స్థానభ్రంశము మరియొక సదిశ. రెండింటిని కూడినచో క్రొత్త స్థానము వచ్చును. గణితములో రెండు సదిశలను కూడినపుడు మూడవది పుట్టును. మొదటి రెండును మారవు. అయితే లిబ్‌జీడీఎక్స్‌లో ఒక సదిశకు మరియొక దానిని ‘యాడ్’ చేసినచో మొదటి సదిశయే మారిపోవును. దాని పాత విలువ ఇక దొరకదు. ముందుగా నకలు తీసి యుంచుకొనని విద్యార్థి తన బంతి ఎచటి నుండి బయలుదేరినదో తెలియక తికమకపడును. జేమంకీ ఈ రెండు మార్గములను తెరచి యుంచినది. ‘యాడ్’ అనినచో గణితములోవలె క్రొత్త సదిశ వచ్చును. ‘యాడ్‌లోకల్’ అనినచో ఉన్నదియే మారును. ఎఫ్‌ఎక్స్‌జీఎల్ జావాఎఫ్‌ఎక్స్ అను చిత్ర లైబ్రరీపై నిర్మింపబడినది. అందలి బిందువు ఒకసారి పుట్టిన తరువాత మారనే మారదు. గణితోపాధ్యాయునకు ఇది మిక్కిలి నచ్చును.

లిబ్‌జీడీఎక్స్ గణిత మర్యాదను ఎందుకు మీరినది? కారణము మెమరీ. జావాలో క్రొత్త వస్తువు సృష్టింపబడిన ప్రతిసారియు మెమరీలో కొంత చోటు ఖర్చగును. వాడి పారవేసిన వస్తువులను ఏరి, ఆ చోటును తిరిగి ఖాళీ చేయు పనివాడొకడు జావాలోనే యున్నాడు. వాడు పని మొదలుపెట్టినపుడు ప్రోగ్రాము క్షణకాలము ఆగవచ్చును. లెక్క వ్రాయు ప్రోగ్రామునకు ఆ క్షణము లెక్కలోనిది కాదు. ఆటలో ఒక్కొక్క ఫ్రేమునకు దొరకు వ్యవధి సెకనులో 60వ వంతు, అనగా 16.7 మిల్లీసెకనులు మాత్రమే. తెరపై 500 తూటాలు ఎగురుచుండగా, ప్రతి తూటాకును ఫ్రేమునకొక క్రొత్త సదిశ చొప్పున సృష్టించినచో సెకనుకు 30,000 వస్తువులు పుట్టి చచ్చుచుండును. పనివాడు చీటికిమాటికి వచ్చును, ఆట తడబడును. అందుచేత లిబ్‌జీడీఎక్స్ ఉన్న వస్తువునే మరల మరల వాడుకొను పొదుపు పద్ధతిని అవలంబించినది. వాడిన వస్తువులను దాచి తిరిగి ఇచ్చు కొలనుల వంటి ఏర్పాటు కూడ అందులో కలదు.

ఈ పొదుపు నేటికిని అవసరమా యని అడుగవచ్చును. 2023లో వచ్చిన జావా 21లో జడ్‌జీసీ అను పనివాడు క్రొత్త వస్తువులను, పాత వస్తువులను వేరుచేసి ఏరును. అతడు ప్రోగ్రామును ఆపు కాలము మిల్లీసెకను లోపలనే యుండునట్లు రూపొందింపబడినాడు. డెస్క్‌టాప్ వరకు ప్రమాదము తగ్గినదనియే చెప్పవలెను. అయితే ఆండ్రాయిడ్ ఫోనులో జావా ప్రోగ్రామును నడుపు యంత్రాంగము వేరు. ఈ పనివాడు అచటికి రాడు. లిబ్‌జీడీఎక్స్ తొలినుండియు ఫోనులను దృష్టిలో నుంచుకొని పెరిగినది గనుక దాని అలవాటు దానికి తగినదియే. పై సదిశను గూర్చి తికమకపడిన విద్యార్థికి ఉపాధ్యాయుడు ఈ కారణమును వివరించినచో, ఆ తికమక నుండియే మెమరీ పాఠము పుట్టును. ఎఫ్‌ఎక్స్‌జీఎల్‌లో ఆ పాఠమునకు అవకాశము తక్కువ.

రెండవ పరీక్ష కాలమునకు సంబంధించినది. మూడు ఇంజనులును గత ఫ్రేము నుండి ఎంత కాలము గడచినదో ప్రోగ్రామునకు తెలుపును. నిశ్చల స్థితి నుండి విడిచిన బంతి ఒక సెకనులో ఎంత దూరము పడును? గురుత్వ త్వరణము 9.8 అని తీసికొన్నచో పాఠ్యపుస్తకము 4.9 మీటర్లు అని చెప్పును. ప్రోగ్రాములో ప్రతి ఫ్రేమునకును ముందు వేగమును పెంచి, పిదప ఆ వేగముతో స్థానమును జరుపుదురు. సెకనుకు 60 ఫ్రేములైనచో బంతి 4.98 మీటర్లు పడును. నిదానమైన కంప్యూటరులో సెకనుకు 10 ఫ్రేములే వచ్చినచో 5.39 మీటర్లు పడును. కంప్యూటరు నెమ్మదిగా పనిచేసినచో బంతి ఎక్కువ దూరము పడుట విడ్డూరమే! పదవ తరగతి విద్యార్థి కాగితముపై ఈ లెక్క సరిచూచుకొనవచ్చును. 1 నుండి 60 వరకు గల సంఖ్యల మొత్తము తెలిసిన చాలును.

ఈ చిక్కు నుండి తప్పుకొనుటకు కాలమును సమానమైన చిన్న ముక్కలుగా కోసి లెక్కింపవలెను. జేమంకీలోని భౌతిక విభాగము అడుగకముందే సెకనులో 60వ వంతు చొప్పున ముక్కలు కోసి పని నడుపును. లిబ్‌జీడీఎక్స్‌లో బాక్స్‌2డి అను భౌతిక విభాగము కలదు గాని, దానిని ఎంతెంత ముక్కలుగా నడుపవలెనో ప్రోగ్రాము వ్రాయువారే చెప్పవలెను. మొదటిది సౌకర్యము, రెండవది శ్రమ. ఆట త్వరగా పూర్తికావలెనన్నచో జేమంకీ మేలు. బంతి 5.39 మీటర్లు ఎందుకు పడినదో తెలియవలెనన్నచో లిబ్‌జీడీఎక్స్ మేలు.

అంతమాత్రమున జేమంకీ అన్నింటిని దాచునని చెప్పుట అన్యాయము. 2003లో ప్రారంభమైన ఈ ఇంజను త్రిపరిమాణ దృశ్యముల కొరకే పుట్టినది. దృశ్యములోని వస్తువులన్నియు ఒక చెట్టువలె అమర్చబడియుండును. బండి ఒక కణుపు. దాని చక్రములు ఆ కణుపు నుండి పుట్టిన కొమ్మలు. బండిని జరిపినచో చక్రములు వెంట వచ్చును. చక్రమును త్రిప్పినచో బండి తిరుగదు. సాపేక్ష చలనమును, నిర్దేశాక్షముల మార్పును నల్లబల్లపై గంటసేపు చెప్పినను అందని విద్యార్థికి ఇది పది నిమిషములలో అందును. మరియొక విశేషము కలదు. కాంతిని లెక్కించు మెటీరియల్‌తో ఒక ఘనమును చేసి, దృశ్యములో దీపము పెట్టుట మరచినచో అది నల్లని ముద్దగా కనిపించును. ప్రోగ్రాము చెడినదని తలచి వెదకిన విద్యార్థికి చివరకు దొరకు జవాబు, వెలుగు లేనిదే వస్తువు కనిపించదని. ద్విపరిమాణ ఆటకు మాత్రము జేమంకీని వాడుట దండుగ. చిన్న పనికి పెద్ద సరంజామా కావలసివచ్చును.

లిబ్‌జీడీఎక్స్ లోపములను కూడ దాచరాదు. చిత్రములు గీయునపుడు దాని నిర్దేశాక్షములు సాధారణముగా పటములోవలె క్రింద ఎడమమూల నుండి పైకి పోవును. వ్రేలు తాకిన స్థానమును తెలుపునపుడు పై ఎడమమూల నుండి క్రిందికి వచ్చును. ఒకే ఇంజనులో రెండు దిక్కులు. దీనిని సరిచేయు సాధనము అందులోనే యున్నను, క్రొత్తవాడు పైన తాకగా క్రింద కదలిక కనిపించి తెల్లబోవును. చిత్రములు జావా ఏరుకొను మెమరీకి వెలుపల నిలువ యుండును గనుక వాటిని ‘డిస్పోజ్’ అను పిలుపుతో స్వయముగా విడుదల చేయవలెను. మరచినచో మెమరీ మెల్లమెల్లగా నిండిపోవును. తొలి ఏర్పాటులో డెస్క్‌టాప్‌నకు, ఫోనునకు వేరువేరు భాగములు చూచి బెదరిపోవు పిల్లలును కలరు. ఎఫ్‌ఎక్స్‌జీఎల్‌లో ఈ బెదురు లేదు. కొద్ది పంక్తులతో ఒక చతురస్రము తెరపై కదలును. దాని చిత్రవిధానము తేలికపాటి ఆటలకు సరిపోవును; వేలకొలది వస్తువులు ఒక్కసారి కదలవలసినచోట మందగించును.

మూల కోడ్ తెరచియుండుట వలన నిజముగా ఏమి ప్రయోజనమో తెలిపిన సంఘటన ఒకటి జరిగినది. ఆస్ట్రియా దేశస్థుడైన మారియో జెక్నర్ ప్రారంభించిన లిబ్‌జీడీఎక్స్ 2010లో అందరికిని తెరువబడినది. ఐఫోనుపై జావాను నడుపుటకు అది రోబోవీఎం అను వేరొక సాధనముపై ఆధారపడెను. 2015లో జామరిన్ సంస్థ ఆ సాధనమును కొనినది. 2016లో జామరిన్‌ను మైక్రోసాఫ్ట్ కొనినది. అదే సంవత్సరము ఏప్రిల్‌లో రోబోవీఎం నిలిపివేయబడుచున్నదని ప్రకటన వెలువడినది. ఐఫోను ఆటలు వ్రాయుచున్నవారి కాళ్ల క్రింది నేల కదలినది. అయితే అంతకు ముందటి కోడ్ స్వేచ్ఛగా లభించుచుండుటచే, కొందరు ఔత్సాహికులు దానిని తీసికొని మోబీవీఎం అను పేరుతో కొనసాగించిరి. లిబ్‌జీడీఎక్స్ దానిపై నడచినది. అట్లని తెరచిన కోడ్ తనంతట తాను బ్రతుకదు. ఒకప్పుడు విరివిగా వాడబడిన స్లిక్ అను ద్విపరిమాణ లైబ్రరీని పోషించువారు తగ్గిపోవుటచే అది నిలిచిపోయినది. దాని కోడ్ నేటికిని చదువవచ్చును గాని, క్రొత్త పనికి దానిని ఎత్తుకొనుట మంచిది కాదు.

వృత్తిలో ప్రవేశింపగోరువారికి ఒక మాట చెప్పక తప్పదు. 2019లో పూర్తిరూపమున వెలువడిన స్లే ద స్పైర్ అను పేకల ఆట లిబ్‌జీడీఎక్స్‌తో తయారై ఎంతో పేరు గడించినది. దాని రెండవ భాగమునకు కర్తలు జావాను విడిచి గొడో అను ఇంజనును ఎన్నుకొనిరి. పెద్ద ఆటల పరిశ్రమలో సీ ప్లస్ ప్లస్, సీ షార్ప్ భాషలదే పైచేయి. ఉద్యోగము కొరకే జావా ఇంజను నేర్పుదుమని ఉపాధ్యాయుడు పిల్లలకు ఆశ చూపరాదు.

ఎనిమిది, తొమ్మిది తరగతుల వారికి ఎఫ్‌ఎక్స్‌జీఎల్‌తో మొదలుపెట్టి, జావా కొంత చేతికి వచ్చిన తరువాత లిబ్‌జీడీఎక్స్‌లోనికి రావచ్చును. మూడింటిలో విద్యార్థికి ఎక్కువ చూపునది లిబ్‌జీడీఎక్స్. కోపము తెప్పించునదియు అదియే. జ్యామితి, కాంతి పాఠములకు తోడుగా కావలెనన్నచో జేమంకీని తీసికొనవలెను. పాఠశాలలోని కంప్యూటరులు పాతవైనచో వాటి చిత్ర పరికరములు జేమంకీని మోయగలవో లేదో ముందు ఒక నమూనా దృశ్యమును నడిపి చూచుకొనవలెను. ఆ పరీక్షకు పావుగంట చాలును.