రాజీయే న్యాయమా? : దాంపత్య వివాదాలు - మహిళా పోలీసులు

‘కర్తవ్యం’ (1990) చిత్రం మహిళా పోలీసు అధికారిని నేరస్థులను ఎదిరించే ధీరగా నిలిపింది. స్టేషన్‌లో ఆమెకు తరచుగా అప్పగించే పని వేరు: ఆలుమగల తగవు తీర్చడం. నంద్యాల జిల్లాలోని జూపాడు బంగ్లా వంటి గ్రామీణ మండలాల్లో 2019 నాటి సచివాలయ వ్యవస్థ మహిళా సంరక్షణ కార్యదర్శులను నియమించి, ఈ పాత్రను ఊరికి మరింత చేరువ చేసింది.

భర్త, అతని బంధువుల క్రూరత్వాన్ని 1983లో 498-ఎ సెక్షన్ నేరంగా గుర్తించింది. లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు (2013) దాంపత్య వివాదాల్లో కేసు నమోదుకు ముందు ప్రాథమిక విచారణను అనుమతించింది. కేసు నమోదు చేయదగిన నేరం ఫిర్యాదులో వెల్లడవుతున్నదా అని తేల్చడమే దాని ప్రయోజనం. కాపురం నిలబెట్టడం కాదు. కౌన్సెలింగ్ ఆచరణలో ఈ భేదం చెరిగిపోయే ప్రమాదముంది.

హింస ఆగాలనే తప్ప భర్త జైలుకు వెళ్లాలని కోరని స్త్రీలకు మధ్యవర్తిత్వం ఆసరాయే. అయితే పెద్దమనుషుల పంచాయతీ చెప్పే ‘సర్దుకుపో’ అన్న మాటనే ఖాకీ ధరించిన స్త్రీ పలికితే, దానికి రాజ్యాధికారం తోడై, కాదనడం ఫిర్యాదుదారుకు మరింత కష్టమవుతుంది. మధ్యవర్తి స్త్రీ అయినంత మాత్రాన మధ్యవర్తిత్వం స్త్రీపక్షం కాదు. కుదిరిన రాజీల సంఖ్య కాక, ఇంటికి తిరిగి వెళ్లిన స్త్రీ భద్రత, ఆమె స్వేచ్ఛాసమ్మతి మాత్రమే దానికి గీటురాళ్లు.