వాన ఒక్కటే కాదు: సీమ కథా విమర్శలో వేరుశెనగ ధర

రాయలసీమ కథపై వచ్చిన విమర్శ రైతు దుఃఖానికి మూలాన్ని ఎక్కువగా ఆకాశంలోనే వెతికింది. అది సగం నిజం. వాన దిగుబడిని నిర్ణయిస్తుంది; ఆ దిగుబడికి ఎంత డబ్బు చేతికి వస్తుందో ధర నిర్ణయిస్తుంది. కర్నూలు, కడప మెట్టపొలాలలో వేరుశెనగ ఎగుమతి పంటగా స్థిరపడ్డాక ఆ ధర సముద్రాల అవతల కుదిరే ఒప్పందాలకూ లోబడింది.

1928లో నంద్యాల సభలో దత్తమండలాలకు రాయలసీమ అనే పేరు వచ్చింది. మరుసటి ఏడాది మొదలైన ప్రపంచ మాంద్యంలో పంటల ధరలు పడిపోయాయి. 1932 నాటి ఒట్టావా ఒప్పందం బ్రిటన్ విపణిలో భారతీయ వేరుశెనగకు విదేశీ సరుకు కంటే 10 శాతం సుంకపు ప్రాధాన్యం కల్పించింది. సమర్థకులు దీనిని రైతుకు మేలుగా చూపారు. అయితే నైజీరియా కూడా సామ్రాజ్యంలోనిదే కనుక ఆ పోటీదారుపై ఈ ప్రాధాన్యం పనిచేయదు. పైగా మద్రాసు రాష్ట్రపు గింజలకు ప్రధాన గిరాకీ ఫ్రాన్సు వంటి ఐరోపా దేశాలలో ఉండేది. ఫ్రాన్సు తన వలస అయిన సెనెగల్ పంటకు రక్షణ కల్పించుకుంది. ప్రతిఫలంగా భారతదేశం అనేక బ్రిటిష్ సరుకులకు సుంకపు రాయితీలిచ్చింది. 1936లో కేంద్ర శాసనసభ ఈ ఒప్పందాన్ని తిరస్కరించింది.

స్వాతంత్ర్యానంతరం ప్రశ్న రూపం మారింది. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడ్డాక కూడా పామాయిల్‌పై 300 శాతం వరకు సుంకం వేసే వెసులుబాటు భారతదేశానికి మిగిలింది. అయినా 2008లో ముడి పామాయిల్‌పై సుంకాన్ని ప్రభుత్వమే ఎత్తివేసింది. కొనుగోలుదారుకు చౌక నూనె దొరికినప్పుడు శెనక్కాయ రైతుకు పోటీ పెరుగుతుంది. అందువల్ల ప్రతి నష్టాన్నీ ఒప్పందంపైకి నెట్టడం కూడా చరిత్రకు అన్యాయమే.

కడప జిల్లా రచయిత కేతు విశ్వనాథరెడ్డి 1974లో తన కథాసంపుటికి ‘జప్తు’ అని పేరు పెట్టారు. అది ప్రకృతికి చెందిన మాట కాదు, చట్టానికి చెందిన మాట. ఆ సూచనను విమర్శ ఇంకా పూర్తిగా అందుకోలేదు. సీమ కథలో అప్పు, మండీ, తూకం కనిపించిన ప్రతిచోటా ఆ ఏడు వర్షపాతంతో పాటు ఆ ఏడు ధరనూ, సుంకాన్నీ పరిశీలించాలి. లేకపోతే మనుషులు తీసుకున్న నిర్ణయాల భారాన్ని విమర్శ మేఘం మీదకు నెట్టినట్లవుతుంది.