నియో కన్సర్వేటిజం మూలాల చర్చ: నవ్యసంప్రదాయ కవిత్వ విమర్శకు అది నేర్పే పద్ధతి (పెనుకొండ, ధర్మవరం, హిందూపురం ప్రాంతం ఆధారంగా)

ఉపోద్ఘాతం

ప్రాచీన ఛందస్సును, ఇతివృత్తాలను విడిచిపెట్టకుండా కొత్త కాలపు స్పృహతో రాసిన కవిత్వాన్ని తెలుగు విమర్శ ‘నవ్యసంప్రదాయం’ అంటుంది. అమెరికా రాజకీయాల్లోని నియో కన్సర్వేటిజాన్ని తెలుగులోకి తేవాలన్నా దాదాపు ఇదే మాట ఎదురవుతుంది. ఈ పదసామ్యం వల్ల, గతాన్ని కీర్తించిన కవిని మితవాద రాజకీయాలకు మూలపురుషునిగా నిలబెట్టే ప్రమాదం ఉంది. ఈ వ్యాసం ఆ ప్రమాదాన్ని పరిశీలిస్తుంది.

రెండు వంశవృక్షాలు

నియో కన్సర్వేటిజం పుట్టుక గురించి ప్రధానంగా రెండు వాదాలున్నాయి. మొదటిది గురుపరంపర వాదం. జర్మనీలో పుట్టి చికాగో విశ్వవిద్యాలయంలో బోధించిన లియో స్ట్రాస్ దీనికి మూలమని, ఆయన శిష్యుల ద్వారా ఆ భావాలు ప్రభుత్వంలోకి చేరాయని ఈ వాదం చెబుతుంది. 2003 ఇరాక్ యుద్ధ కాలంలో దీనికి విశేష ప్రచారం లభించింది. రెండోది అనుభవ వాదం. 1930లలో న్యూయార్క్ సిటీ కాలేజీలో వామపక్ష విద్యార్థిగా ఉన్న ఇర్వింగ్ క్రిస్టల్ క్రమంగా ఆ మార్గాన్ని వీడి, 1965లో డేనియల్ బెల్‌తో కలిసి ‘ది పబ్లిక్ ఇంటరెస్ట్’ పత్రికను స్థాపించాడు. సంక్షేమ పథకాల ఫలితాలను ప్రశ్నించిన ఆ బృందానికి 1973లో ఈ పేరును అంటగట్టి ప్రచారంలోకి తెచ్చినవాడు సోషలిస్టు రచయిత మైకేల్ హారింగ్టన్.

రెండింటిలో రెండో వాదానికే ఆధారాలు బలంగా ఉన్నాయి. స్ట్రాస్ రచనలు ప్రధానంగా ప్రాచీన తత్త్వగ్రంథాల పఠనానికి సంబంధించినవి. పత్రికా వ్యాసాల్లో మాత్రం ఒక్కో విధానంపై అభిప్రాయం మారిన తీరు తేదీలతో సహా కనిపిస్తుంది. పైగా బెల్ ఆ ముద్రను అంగీకరించలేదు. తాను ఆర్థిక విషయాల్లో సోషలిస్టునని, రాజకీయాల్లో ఉదారవాదినని, సంస్కృతిలో సంప్రదాయవాదినని చెప్పుకున్నాడు. ఈ మూడు రంగాలను విడదీసి చూడడం మన విమర్శకు ఎంతో అవసరం.

పెనుకొండ: స్మృతి

1565 యుద్ధం తర్వాత తిరుమలరాయలు విజయనగర రాజధానిని పెనుకొండకు మార్చాడు. ఆ శిథిలాల నడుమ పెరిగిన పుట్టపర్తి నారాయణాచార్యులు (1914-1990) కౌమారదశలోనే ‘పెనుగొండ లక్ష్మి’ రచించారు. తర్వాత ఆయన విద్వాన్ పరీక్షకు అదే పాఠ్యగ్రంథం కావడం ప్రసిద్ధం. పోయిన వైభవం కోసం దుఃఖించే కావ్యం కాబట్టి దీన్ని పునరుద్ధరణవాదమనడం సులభం. అయితే ‘అగ్నివీణ’, ‘పురోగమనం’ రాసినదీ, ధర్మానంద కోసంబి రచించిన బుద్ధుని జీవితాన్ని తెలుగు చేసినదీ ఆ కవే. వస్తువును బట్టి రాజకీయాన్ని నిర్ణయిస్తే ఈ రచనలను ఏ గదిలో పెట్టాలి? శిథిలాన్ని చూసి దుఃఖించడం వేరు, ఆ రాజ్యవ్యవస్థ మళ్లీ రావాలని వాదించడం వేరు. మొదటిది సంస్కృతికి, రెండోది రాజకీయానికి చెందుతుంది.

ధర్మవరం, హిందూపురం: రక్షణ

హిందూపురం సమీపంలోని లేపాక్షి వీరభద్రాలయం అచ్యుతదేవరాయల కాలపు నిర్మాణం. దాని చిత్రాలను కాపాడాలని కోరేవారంతా ఒకే రాజకీయానికి చెందరు. ధర్మవరం ఉదాహరణ మరింత స్పష్టమైనది. పట్టుచీరల నేతకారులు మగ్గాన్ని కాపాడమంటున్నప్పుడు కోరేది మరమగ్గాల పోటీ నుండి రక్షణ. కొన్ని వస్త్రరకాలను చేనేతకే కేటాయించిన 1985 నాటి చట్టం అమలు వారి ప్రధాన డిమాండ్లలో ఒకటి. సంప్రదాయాన్ని నిలపమనే ఈ కోరిక ఆర్థికంగా స్వేచ్ఛావిపణికి ఎదురు నిలుస్తుంది. దీన్ని ‘సంప్రదాయవాదం’ అన్న ఒక్క మాటతో ముగిస్తే నేతకారుని కూలి ప్రశ్న కనుమరుగవుతుంది.

తెలుగునాట నిజమైన పోలిక

క్రిస్టల్ బృందపు మలుపుకు తెలుగునాట పోలిక వెతికితే కవుల కంటే ముందు ఆచార్య ఎన్.జి. రంగాను చూడాలి. 1936లో అఖిల భారత కిసాన్ సభ స్థాపనలో ముఖ్యపాత్ర వహించిన ఆయన, 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ చేసిన సహకార వ్యవసాయ తీర్మానాన్ని వ్యతిరేకించి, అదే ఏడాది స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడయ్యారు. ఇక్కడ మలుపుకు తేదీ ఉంది, తీర్మానం ఉంది, చిన్నరైతు భూమి అనే వాదవిషయం ఉంది. భేదమూ ఉంది: రంగా తన రైతుపక్షాన్ని వదిలానని అనుకోలేదు, ఆ పక్షాన నిలబడే పార్టీని మార్చారు.

ముగింపు

భావజాల మూలాన్ని కావ్యవస్తువులోనో గురువు పేరులోనో కాక, వాదన మలుపు తిరిగిన చోట వెతకాలి. ఒక కవిని రాజకీయంగా వర్గీకరించే పరిశోధకుడు ఆయన ఏ విధానాన్ని సమర్థించాడో, దేన్ని ఎప్పుడు వదిలాడో చూపాలి. అది చూపలేనప్పుడు నవ్యసంప్రదాయాన్ని కవిత్వరీతికి పేరుగానే ఉంచడం, అమెరికా ధోరణిని నియో కన్సర్వేటిజంగానే రాయడం ఉచితం. లేకపోతే పెనుకొండ కోట మీద రాసిన పద్యం, అది ఎన్నడూ చేయని వాదానికి సాక్ష్యంగా మిగిలిపోతుంది.