కూత పెట్టని గిటారు

వాల్యూమ్ కాస్త పెంచగానే గిటారు కూతపెడితే అందరూ ఆంప్లిఫయర్‌ని తిడతారు. నన్నడిగితే ముందు గిటారు విప్పి చూడాలి.

స్పీకరు మోతకి గిటారు పెట్టె అదురుతుంది, తీగలు అదురుతాయి. ఆ అదురును పికప్ పట్టి మళ్లీ ఆంప్లిఫయర్‌కే పంపుతుంది. డొల్లపెట్టె గిటార్లు స్టేజీ మీద హోరెత్తేది ఇందుకే. 1940 ప్రాంతంలో గిటారిస్టు లెస్ పాల్ నాలుగంగుళాల పైన్ దిమ్మెకు తీగలు బిగించి, చూడ్డానికి గిటారులా ఉండాలని దానికి రెండు పక్కలా పెట్టె చెక్కలు తగిలించాడు. ఆ మొండితనానికి చేతులెత్తి మొక్కాలి! తర్వాత ఫెండర్ కంపెనీ యాష్ పలకతో, గిబ్సన్ కంపెనీ మహాగనీ మీద మేపుల్ అతికించి గట్టి గిటార్లు తెచ్చాయి.

నా ఓటు మాత్రం 1958లో వచ్చిన గిబ్సన్ ఈఎస్-335కే. అటూ ఇటూ డొల్ల, నడుమ నిలువునా మేపుల్ దిమ్మె. పికప్‌లూ బ్రిడ్జీ ఆ దిమ్మె మీదే కూర్చుంటాయి. నాదంలో గుండ్రదనం పోదు, హోరు మాత్రం తగ్గుతుంది. ఎలక్ట్రిక్ గిటార్లలో ఇంత తెలివైన వడ్రంగం నేనెరగను. బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ హోరు ఆపడానికి గిటారు ఎఫ్-రంధ్రాల్లో గుడ్డలు కుక్కేవాడు. 1980లో ఆయన పేరిట వచ్చిన 'లుసిల్'కి గిబ్సన్ ఆ రంధ్రాలే పెట్టలేదు.

గట్టి చెక్క విలువ మనకి కొత్త కాదు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ అయిదు ఒంటితీగల గట్టి చెక్క ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకాలు పలికించలేదూ!

అయితే హోరు వేరు, కీచు వేరు. కీచు పికప్‌ది. వెంట్రుకంత సన్నటి రాగితీగ వేల చుట్లు తిరిగి ఉంటుంది. చుట్లు వదులైతే అవే అదిరి కీచుమంటాయి. మందు మైనం. పారాఫిన్‌లో కొద్దిగా తేనెమైనం కలిపి, నేరుగా మంట మీద కాకుండా వేణ్ణీళ్ల గిన్నెలో పెట్టి కరిగిస్తారు. మరీ కాగితే ప్లాస్టిక్ బాబిన్ వంకరపోతుంది. పికప్‌ని ముంచగానే చుట్ల సందుల్లోంచి సన్నటి బుడగలు బారులు తీరి పైకొస్తాయి. చివరి బుడగ ఆగేదాకా మంచి పనివాడు దాన్ని బయటికి తీయడు. అదీ పనితనమంటే!

ఇక మూడోది, వైరింగుతో ఆగేది, గుయ్యిమనే హమ్. గిబ్సన్ ఇంజనీరు సేత్ లవర్ 1955లో పేటెంటుకి దరఖాస్తు చేసిన హంబకర్ పికప్‌లో రెండు కాయిళ్లు ఒకదాని హమ్‌ని ఒకటి కొట్టేస్తాయి. పికప్ గుంతలో రాగిరేకు అంటించి గ్రౌండుకి కలిపినా హమ్ తగ్గుతుంది. ఆ రేకుతో కూత కూడా పోతుందని చెప్పి డబ్బు గుంజేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

అంతకన్నా మండేది చవక నకళ్లని చూస్తే. పైన నిగనిగలాడే మేపుల్ పొర, లోపల అతుకుల చెక్క, పికప్‌లో మైనం చుక్క ఉండదు. వెల తక్కువైనందుకు కాదు నా కోపం. కొత్తగా నేర్చుకునే పిల్లాడు ఆ కూత విని తన చేతిలోనే లోపముందనుకుని గిటారు అటక మీద పడేస్తున్నాడు.

కొనేముందు దుకాణంలోనే వాల్యూమ్ పూర్తిగా పెట్టించండి. తీగల్ని అరచేత్తో అదిమిపట్టి పికప్ మీద గోటితో తట్టండి. స్పీకరులో ఆ దెబ్బ పెద్దగా మోగితే మైనం సంగతి అడగండి. ఇంట్లో ఇప్పటికే అలాంటి గిటారు ఉంటే పారేయకండి, పికప్‌కి మైనం పట్టించడం తెలిసిన మేస్త్రీకి ఇవ్వండి. ఆయన అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి.